పొగరుబోతు రాసిన ఫారం

బైండింగ్ షెడ్డులో ఆమెను అందరూ సూదక్క అంటారు. పుస్తకం వీపు దగ్గర దారం వేసి కుట్టడం ఆమె పని. పెళ్లైన కొత్తలో పట్టిన సూది, మోకాళ్లు పట్టేసినా వదల్లేదు. ఎన్నో పుస్తకాలు చేతి మీదుగా పోయాయి గానీ ఒక్క ముక్క చదివింది లేదు. చిన్నప్పుడే బడి మానిపించారు. అంకెలు వచ్చు, అక్షరాలు రావు.

చదివిపెట్టేది తోడికోడలు. అదే షెడ్డులో అట్టలకు గమ్ము పూస్తుంది. భోజనాల వేళ ఇద్దరూ కాగితాల కట్టల మీద చేరగిలబడితే, ఆమె ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫారం పట్టుకుని పైకి చదువుతుంది. ఫారం అంటే పుస్తకంలో కొన్ని పేజీలు అచ్చేసి మడిచిన కాగితం. ప్రెస్సు నుంచి ఏది వస్తే ఆ రోజుకు అదే కథ. ఒక్కోసారి మాట సగంలో తెగిపోతుంది.

ఈసారి అలాగే తెగింది. ఇల్లొదిలి వెళ్లిపోయిన ఒకావిడ ఏళ్ల తర్వాత తిరిగొచ్చి కూతురి ఇంటి తలుపు కొట్టింది. లోపల అడుగుల చప్పుడు. అక్కడికి ఫారం అయిపోయింది. సూదక్క చేతులు కుడుతున్నాయి గానీ మనసంతా ఆ గుమ్మంలోనే ఉంది.

మర్నాడు తోడికోడలు ముఖం ముడుచుకుని వచ్చింది.

"ఆ కథలాయన ఫోన్లో ఏం రాశాడో తెలుసా అక్కా? ఎవరో పాపం, కథ అర్థం కాలేదండీ అంటే, ముందు చదవడం నేర్చుకోండి అన్నాడు."

"అంటే అన్నాడులే. నన్నన్నాడా?"

"నిన్నన్నట్టే. ఇక్కడ చదవడం రానిదానివి నువ్వేగా."

"నేనొకదాన్ని ఉన్నానని ఆయనకు కలొచ్చిందేంటే."

"ఎవర్నన్నా సరే. ఆ పొగరుబోతు రాసింది ఇక నా నోటితో చదవను."

అన్నట్టే చదవలేదు. అప్పుడే వస్తున్న ఇంకో పుస్తకం అందుకుంది. అది ఒక రచయిత్రి రాసింది. ఆవిడ ఫోన్లో పూలకుండీలు పెడుతుంది, ఎవరేమన్నా చేతులు జోడించిన బొమ్మ పెడుతుంది. తోడికోడలు ప్రతి పేజీకీ "ఎంత మంచి మనిషో" అనేది. ఆ కథల్లో ఎవరూ ఎవరితోనూ మాటా మాటా అనుకోరు. సూదక్కకు ఆవులింతలు ఆగేవి కావు.

చివరికి ఆయన పుస్తకంలో తర్వాతి ఫారం వచ్చింది. రెండు పుస్తకాలూ ఒకే సైజు. కలిసిపోకుండా ప్రెస్సువాళ్లు ఆయన ఫారాల కింద అంకె పక్కన చుక్క వేశారు. సూదక్క ఆ చుక్క చూసింది. చుట్టూ చూసింది. ఆ ఫారం తీసుకెళ్లి రచయిత్రి కట్ట పైన పెట్టింది.

భోజనాల వేళ తోడికోడలు పైనున్నది తీసి మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు పోయాక ఆగింది.

"అక్కా, ఇది ఆ తలుపు కథ."

"అవునా? నాకేం తెలుసమ్మా, చదవడం రానిదాన్ని."

తోడికోడలు ఆమె వంక ఎగాదిగా చూసింది. ఫారం పక్కన పడేసింది. రెండు ముద్దలు తింది. మళ్లీ తీసింది. "ఒక్క పేజీయే" అంది. ఒక్క పేజీతో ఆగలేదు.

తలుపు తీసింది ఎవరో కొత్త మనిషి. కూతురు ఇల్లు ఖాళీ చేసి ఎప్పుడో వెళ్లిపోయింది. ఎక్కడికో ఆ మనిషికి తెలియదు. వచ్చినావిడ మంచినీళ్లు అడిగి తాగి, గ్లాసు గుమ్మంలో బోర్లించి వెళ్లిపోయింది.

"చూశావా," అంది తోడికోడలు కళ్లు తుడుచుకుంటూ, "మనసు లేనివాడు కాబట్టే ఇలా రాశాడు."

"మనసు లేకపోతే మంచినీళ్లెందుకు ఇప్పిస్తాడే? ఏదీ, ఆయన్ని ఒకసారి చూపించు."

తోడికోడలు ఫోన్ తీసి ఇచ్చింది. నల్ల కళ్లద్దాలు, బిగించిన మూతి. ఆ ముఖంలో సూదక్కకు ఏమీ దొరకలేదు. వెనక గోడ నిండా పుస్తకాలుంటే ఫోన్ దగ్గరగా పెట్టుకుని వాటి వీపులు ఒక్కొక్కటే చూసింది.

"అన్నీ గమ్ము బైండింగే. కుట్టినది ఒక్కటీ లేదు. తెరిచినప్పుడల్లా కాగితాలు ఊడి చేతికొస్తుంటే మనిషికి చిరాకు రాదూ?"

"అంటే తప్పు నా గమ్ముదంటావ్?"

"నేనేమన్నాను? అయిందా, ఇంకో పేజీ ఉందా?"

తోడికోడలు ఫోన్ లాక్కుంది. ఆ తర్వాత పేజీ తిప్పింది.