అడగకుండా నడవాల్సిన బాట

పోయిన నెలలో ఒక గురువారం పొద్దున, ఇక్కడ ఇంగ్లండ్‌లో, స్టీవెనేజ్ స్టేషన్‌లో రైలెక్కబోతుండగా ఆంటీ ఫోన్ చేశారు. "బిడ్డా, మీ అంకుల్ లేడు. నిద్రలనే పోయిండు. చాయ్ తీస్కపోయి లేపితే లేవలే" అన్నారు. రైలు వదిలేసి బెంచీ మీద కూలబడ్డాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. హమ్మయ్య, ఇక ఆయనకు ఆ సంగతి చెప్పాల్సిన అవసరం లేదు అన్న ఆలోచన. ఏడుపు దాని తరవాత వచ్చింది. ఈ వరస దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడం నాకు చేతకాదు.

ఆయన మాకు చుట్టం కాదు. మా హౌసింగ్ ఎస్టేట్‌లో వెనక వీధి అంకుల్. ఊరి చివర, పొలాల అంచున కట్టిన ఇళ్లు మావి. మొత్తం ఎస్టేట్‌లో ఇండియన్ కుటుంబాలు రెండే, వాళ్లదీ మాదీ. ఆయన నల్గొండ వైపు నుంచి ఎప్పుడో కుర్రతనంలో వచ్చి, ఒక ఇంజినీరింగ్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, రిటైరయ్యేదాకా యంత్రాల భాగాలు గీశారు. రిటైరయ్యాక కాలిబాటలు గీయడం మొదలుపెట్టారు. ఈ రెండో ఉద్యోగానికి జీతం లేదు, సెలవు కూడా లేదని ఆంటీ దెప్పేవారు.

ఏడేళ్ల కిందట మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో, పాపను ప్రామ్‌లో వేసుకుని సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌కు, వెళ్తున్నాను. పేవ్‌మెంట్ లేని రోడ్డు. పక్కనుంచి కార్లు రయ్యిమని పోతున్నాయి. భయం తెలియకుండా ఉండాలని అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. వెనక నుంచి ఎవరో "ఏ ఊరు బిడ్డా మీది?" అన్నారు. తిరిగి చూస్తే మెడలో ప్లాస్టిక్ కవరు, అందులో మ్యాపు, చెవి మీద పెన్సిల్, జేబులోంచి తొంగిచూస్తున్న తోట కత్తెర. "వరంగల్ అంకుల్" అన్నాను. "వరంగల్ అయితేంది, నల్గొండ అయితేంది, ఈ రోడ్డు మీద పోతే ఇద్దరం పోతం. ఇండ్ల ఎనుక తొవ్వ ఉంది, రా" అని ప్రామ్ ముందు చక్రాలు తానే ఎత్తి పట్టుకుని దారి తిప్పారు. ఎస్టేట్ వెనక చిన్న గేటు, అది దాటితే పొలం గట్టు, గట్టు వెంట పది నిమిషాలు నడిస్తే సర్జరీ, స్కూలు. ఇంత దగ్గరి దారి ఉందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

అంకుల్ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఎప్పుడూ ఒక పెద్ద మ్యాపు పరిచి ఉండేది. నాలుగు మూలలా నాలుగు పచ్చడి సీసాలు. ఆంటీ, ఆయనా సోఫాలో పళ్లెం ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లు. ఇక్కడి పాలన చూసే కౌన్సిల్ దగ్గర ఒక అధికారిక మ్యాపు ఉంటుందని, అందులో గీత ఉన్న బాటను పొలం యజమాని కూడా మూయలేడని, గీత లేని బాట ఎన్నేళ్లుగా నడుస్తున్నా దానికి దిక్కులేదని నాకు ఆ టేబుల్ దగ్గరే తెలిసింది. ఊళ్లో ఒక వాకింగ్ గ్రూప్ ఉంది. అలా మ్యాపులోకి ఎక్కని బాటలను వెతికి, నడిచి, రుజువులు పోగుచేసి కౌన్సిల్‌కు పంపడం వాళ్ల పని. అంకుల్ వాళ్లకు గీతకారుడు.

ఆయన నడుస్తూ అడుగులు లెక్కపెట్టేవారు. మధ్యలో పలకరిస్తే వేలెత్తి ఆగమనేవారు. గేటు వచ్చాక అంకె రాసుకుని, "ఆఁ, ఇప్పుడు జెప్పు" అనేవారు. అప్పటికి నేను చెప్పాలనుకున్నది మరిచిపోయేదాన్ని. కూలిన మెట్టు, విరిగిన బోర్డు, దారికి అడ్డం పడ్డ ముళ్లకంప, ఏది కనిపించినా కౌన్సిల్‌కు ఫోన్. "గుడ్ మార్నింగ్ మేడమ్, మళ్ల నేనే" అని మొదలుపెట్టేవారు. అవతలి ఆవిడ నవ్వు ఇవతల నాకు వినిపించేది. పెద్ద కొడవలి పని కౌన్సిల్‌ది, చిన్న కత్తెర పని మనది అనేవారు. నేను ఈ దేశంలో ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తప్ప ఎటూ నడవని మనిషిని. ఈ చుట్టుపక్కల ఏ గట్టు ఎటు పోతుందో నాకు తెలుసంటే అది ఆయన పెట్టిన భిక్ష.

మా ఇళ్ల వెనకున్న ఆ గట్టుబాట మ్యాపులో లేదు. ఇళ్లు కట్టినప్పటి నుంచి జనం నడుస్తున్నారు, అంతే. జనం ఇరవై ఏళ్లు ఎడతెగకుండా నడిస్తే దాన్ని హక్కుగా రాయించవచ్చట. నాలుగేళ్ల కిందటికి పంతొమ్మిదేళ్లు దాటింది. ఇంకొన్ని నెలలే ఉంది. అంకుల్ ఇల్లిల్లూ తిరిగి దాదాపు ముప్పైమంది చేత ఫారాలు నింపించారు. ఎప్పటి నుంచి నడుస్తున్నారు, వారానికి ఎన్నిసార్లు, ఎవరైనా ఆపారా, ఎవరినైనా అడిగారా. నా ఫారం నింపేటప్పుడు ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగాను.

"మరి ఆయన పొలంల నుంచి పోతున్నం గద అంకుల్, ఒక్కమాట అడిగితే మంచిది గాదా?"

"అసలే వద్దు. దొంగచాటుగ పోవద్దు, కొట్లాడి పోవద్దు, అడిగి పోవద్దు. ఈ మూడు ఉంటెనే చట్టం మన దిక్కు. అడిగితే అది ఆయన దయ అయితది బిడ్డా. అడగకుంటే మన హక్కు."

"ఆయన ఏమన్న అంటే?"

"ఇన్నేండ్ల సంది ఏమనలే. పట్టపగలు పోతున్నం, నవ్వుకుంట పోతున్నం. ఇంకేం గావాలె?"

నేను తలూపాను. కానీ నా లోపలికి అది దిగలేదు. మా నాన్న ఎవరి చెలక దాటాల్సి వచ్చినా గట్టు మీద నిలబడి "పోతున్నమే" అని ఒక కేక వేసి గాని కాలు పెట్టేవాడు కాదు. ఆ పెంపకం ఒకటి. రెండోది, మా వీసా కాగితాలు అప్పుడు హోం ఆఫీసులో ఉన్నాయి. ఏ చిన్న ఫిర్యాదు వచ్చినా మా బతుకు తలకిందులవుతుందని నాకు భయం. ఒకరోజు పొలం యజమాని ట్రాక్టర్ ఆపి, నన్నూ పాపనూ కాసేపు అలాగే చూశాడు. మళ్లీ ట్రాక్టర్ కదిలించుకుని పోయాడు. ఆ చూపు రెండు రోజులు నన్ను తినేసింది. అంకుల్ మాట పెద్దాయన మొండితనంలా అనిపించింది. పెద్దవాళ్లకు ఇలాంటి పట్టింపులు ఉంటాయిలే అనుకున్నాను. నాకే ఎక్కువ తెలుసనుకోవడానికి ఇంతకంటే సులువైన దారి ఉండదు.

ఆ దీపావళికి గరిజెలు చేశాను. ఒక డబ్బా అంకుల్ వాళ్లింటికి పంపాను. ఇంకో డబ్బా పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, పొలం యజమాని ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను. మా పండగ అన్నాను. మేమందరం మీ గట్టు మీద నడుస్తున్నాం, మీకేమీ అభ్యంతరం లేదు కదా అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నిరభ్యంతరంగా నడవండి అన్నాడు. ఇన్నేళ్లలో వచ్చి అడిగిన మొదటి మనిషివి నువ్వే అని చేయి పట్టుకుని ఊపాడు. ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాను. మర్యాద అంటే ఏమిటో ఇన్నేళ్లకు ఈ ఎస్టేట్ తరఫున నేనొక్కదాన్నే చూపించానని నాకు నేను మురిసిపోయాను.

వారం తిరక్కుండా గేటుకు బోర్డు వెలిసింది. ఈ బాట యజమాని అనుమతితో వాడుకుంటున్నది, ఇందులో ప్రజలకు హక్కేమీ లేదు అని. చూడటానికి ముచ్చటైన బోర్డు, చెక్కలో చెక్కించాడు పాపం. అంకుల్ దాని ముందు నిలబడి టోపీ తీసి రెండుసార్లు చదివారు. ఇరవై ఏళ్ల లెక్క ఆ రోజుతో ఆగిపోయింది.

"ఎవరో అడిగిండ్రు" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. పాప బూటు లేసు కట్టే వంకతో కిందికి వంగాను. అప్పుడే చెప్పి ఉంటే నాలుగు చీవాట్లతో పోయేది. సాయంత్రం చెబుదామనుకున్నాను, తరవాత వారం అన్నాను, చివరికి వీసా వచ్చాక అనుకున్నాను. వీసా వచ్చింది. నోరు రాలేదు.

అయినా ఆయన ఫారాలన్నీ పంపారు. కౌన్సిల్ కాదన్నది. రెండేళ్లకు ఆ రైతు పొలం అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్నవాళ్లు గుర్రాలు పెంచుకుంటామని గేటు పీకేసి నిలువెత్తు కంచె వేశారు. అనుమతి ఇచ్చినాయన వెళ్లాక అనుమతి ఎక్కడిది? అప్పటి నుంచి కార్లున్నవాళ్లు పిల్లల్ని కార్లలో దింపుతున్నారు, లేనివాళ్లు ఆ రోడ్డు మీదే నడుస్తున్నారు. అంకుల్ మాత్రం నన్ను వేరే బాటలకు పిలవడం మానలేదు. ఒకసారి వాళ్లింట్లో మా అమ్మాయి బిస్కెట్ల డబ్బా ముందు నిలబడి "కెన్ ఐ హావ్ వన్, ప్లీజ్?" అంది. ఆయన డబ్బా మొత్తం దాని చేతిలో పెట్టి, "అడుగుడు మంచి అలవాటే బిడ్డా. ఎవరు జేసినా తప్పు గాదు" అన్నారు. పాపతో అంటున్నారనుకున్నాను.

అంత్యక్రియలకు వాకింగ్ గ్రూప్ మొత్తం వచ్చింది. నడక బూట్లకే పాలిష్ పెట్టుకుని వచ్చారు. గ్రూప్ సెక్రటరీ, ఎనభై దాటిన రిటైర్డ్ టీచరమ్మ, నా చేతులు పట్టుకుని ఆయన గొప్ప పెద్దమనిషి అంది. ఆ మర్యాదే మా బాటను ముంచిందనుకో అని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. దీపావళికి స్వీట్ల డబ్బా పట్టుకుపోయి యజమానిని పర్మిషన్ అడిగాడట, అడిగింది ఎస్టేట్‌లో ఉండే ఒక ఇండియన్ కుటుంబమని మాత్రమే ఆ రైతు కౌన్సిల్‌కు రాసిన ఉత్తరంలో ఉంది, మా గ్రూప్ మీటింగులో ఎవరని అడిగితే వెంటనే అవును నేనే అన్నాడు అని చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు ప్రేమగా నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అందరూ వెళ్లాక ఆంటీ దగ్గర కూర్చుని ఏడ్చాను. చెప్పబోతుంటే ఆమే ఆపారు.

"నాకెర్కే. ఆ ఉత్తరం సదివిన నాడే ఇంటికొచ్చి జెప్పిండు. మనింట్ల షుగర్, గరిజెలు ఏడ జేసినం, ఆ పిల్లనే పోయింటది అన్నడు."

"మరి నన్నొక్క మాట అనలేదేంది ఆంటీ?"

"నేను అడిగిన. చెప్పకు, చెప్తె నడుసుడు బంద్ జేస్తది అన్నడు."

నేను ఆయనకు చెప్పకుండా నాలుగేళ్లు దాచాననుకున్నాను. దాచింది ఆయన. బాట పోయినా నన్ను పోగొట్టుకోకూడదనుకున్న మనిషికి, నేను ఒక్క వాక్యం బాకీ పడి, అది తప్పిందని రైల్వే ప్లాట్‌ఫారం మీద ఊపిరి పీల్చుకున్నాను.

రెండు వారాల తరవాత గ్రూప్ నడకకు వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు టీచరమ్మకు సర్జరీలో మందులు తీసుకోవాల్సి ఉంది. తోడు వెళ్లాను. కంచె పక్కన మలుపు తిరిగి ఆ రోడ్డు మీదికి వచ్చాం. ఎదురుగా కార్లు వస్తున్న వైపు, ఒకరి వెనక ఒకరం. ఆమె ముందు, కర్రతో. ఆమె ముఖం కనిపించకపోవడమే నాకు ధైర్యం ఇచ్చిందేమో, ఆమె వీపుకు చెప్పాను. ఆ డబ్బా తీసుకెళ్లింది ఆయన కాదు, నేను. ఆయనకు సంబంధం లేదు. వద్దని ముందే చెప్పారు. మీ అందరి బాటనూ పోగొట్టింది నేను.

ఆమె ఆగిపోయింది. తిట్టినా బాగుండుననుకున్నాను. వెనక్కి తిరగకుండానే, "నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను. వీధిలో ఎదురైనా తల తిప్పుకుని పోయాను" అంది.

మలుపులో లారీ చప్పుడు వినిపించింది. ఆమె చప్పున చేయి వెనక్కి చాచి నా కోటు పట్టుకుని పక్కకు లాగింది. ఇద్దరం ముళ్లపొదలోకి ఒదిగి నిలబడ్డాం. లారీ గాలికి ఆమె తెల్లజుట్టు రేగి ముఖం మీద పడింది. లారీ వెళ్లిపోయింది. దాని వెనక రోడ్డు ఖాళీగా, చాలా దూరం వరకు కనిపిస్తోంది. ఆమె నా కోటు వదల్లేదు, నేను కదల్లేదు.