రాని బిడ్డకు హాజరు

చింతాద్రిపేట తెలుగు బడిలో కుముదిని టీచరుది ముప్పై ఏళ్ల అలవాటు. ఇంకా రాని పిల్లల పేరు పక్కన హాజరు పట్టీలో పెన్సిల్‌తో చుక్క పెట్టేది. మధ్యాహ్నానికి కూడా రాకపోతేనే పెన్నుతో గైర్‌హాజరు వేసేది. పొద్దున్నే తల్లులు పనులకు పరిగెత్తే పేటలో పిల్లలు గడియారం చూసుకుని వస్తారా ఎక్కడైనా?

ఈ జూన్‌లో పట్టీ పోయి ఫోనులో యాప్ వచ్చింది. దానికి హాజరు, గైర్‌హాజరు తప్ప మరో మాట తెలియదు. గైర్‌హాజరు నొక్కగానే తల్లికి మెసేజ్ వెళ్తుంది. తొమ్మిదింబావుకు మూసుకుంటుంది. ఆ తర్వాత దిద్దాలన్నా, తల్లుల నంబర్లు చూడాలన్నా హెడ్మాస్టరు భాష్యంగారి ఫోనులోనే వీలవుతుంది. తప్పు వేస్తే మెమో అని ఆయన మొదటిరోజే హెచ్చరించారు.

ఆ మంగళవారం ఐదో తరగతి జనని రాలేదు. మైలాపూరు నుంచి ఒంటరిగా రైల్లో వచ్చే పిల్ల, పది నిమిషాల ఆలస్యం మామూలే. తల్లి చెంగమ్మ అక్కడే ఓ మెస్సులో వంటమనిషి. మెసేజ్ చూస్తే పని వదిలేసి వస్తుంది పాపం. పిల్ల వచ్చేస్తుందిలే అనుకుని కుముదిని హాజరు వేసేసింది.

తొమ్మిదిన్నరైనా జనని రాలేదు. బిడ్డ బళ్లో ఉందనే ఆ తల్లి నమ్మకం. ఆ అబద్ధం చెప్పింది తానే. వెంటనే లేవాల్సింది, లేవలేదు. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది, మెమో అంటే భయం. పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయింది. ఆ పది నిమిషాలకు ఆమె తనను ఇప్పటికీ క్షమించుకోలేదు.

చివరికి హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

"రాని బిడ్డకి హాజరేసేసినాను సార్. జనని ఈడికి రానేలేదు."

భాష్యం వెంటనే చెంగమ్మకు ఫోన్ చేశారు. ఆమె మైలాపూరు స్టేషనుకు పరిగెత్తి, తిరిగొచ్చే ప్రతి రైల్లో ఆడవాళ్ల పెట్టె వెతికింది. మూడో రైల్లో దొరికింది జనని. జ్వరంతో ఒళ్లు తెలియక, చింతాద్రిపేటలో దిగకుండా ఆ లైను చివరి బీచ్ స్టేషను దాకా పోయి, అదే రైల్లో కిటికీ మూల అలాగే పడి ఉంది.

సాయంత్రం టీచర్లందరినీ పిలిచారు. మెమో ఖాయమనుకుంది కుముదిని. జరిగింది మీరే చెప్పండమ్మా అన్నారాయన. ఆ పది నిమిషాలతో సహా చెప్పింది. మెమో ఆర్డరు ఈ క్షణం నుంచి రద్దని, 'ఇంకా రాలేదు' అనే గడి యాప్‌లో పెట్టిస్తానని భాష్యం ప్రకటించారు.

"చెప్తేనే గదమ్మా దిద్దేది. ఈ పొద్దు ఇంకెవురన్నా ఇట్ల ఏసినారా?"

అందరికీ యాప్ నేర్పిన లక్ష్మీప్రియే ముందు చెయ్యెత్తింది. తర్వాత ఏళుమలై మాస్టారు. పదకొండు మందిలో ఏడు చేతులు లేచాయి. ఆ ఏడు తరగతుల్లో రాని పిల్లలు ఆ పొద్దున ఎక్కడున్నారో, ఆ గదిలో ఎవరికీ తెలియదు.