రొట్టెలావిడ చెప్పిన మాట

ఆ వార్త నాకు మొదట చెప్పింది మా చిన్న తోడికోడలు. మొన్న సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే పై వాటా నుంచి దిగివచ్చి, అశోక్‌నగర్ మూల మీద జొన్నరొట్టెలు చేసే ఆవిడ పోయిందట, నెల దాటిందట అంది. నేను నమ్మలేదు, నిన్ననేగా ఆవిడ దగ్గర రొట్టెలు తెచ్చాను అన్నాను. ఆమె నా వంక అదోలా చూసింది.

"అది వాళ్ళ చెల్లెలు అక్కయ్యా. రోజూ వెళ్ళేదానివి, నువ్వు చూసుకోలేదా?"

చూసుకోలేదు. మా వారికి షుగరు వచ్చిన దగ్గర్నుంచి రాత్రిపూట జొన్నరొట్టె అలవాటైంది, నా చేతికి ఆ పిండి లొంగదు కనుక ఆ మూల మీదే కొనడం మొదలుపెట్టాను. ఆవిడది పాలమూరు వైపు పల్లె, భర్త కట్టడం పనికి వెళ్ళేవాడు, ఆవిడ సాయంత్రం అయ్యేసరికి గోడ పక్కన పొయ్యి వెలిగించేది. కోచింగ్ పిల్లలు చుట్టూ మూగి ఉన్నా నన్ను దూరం నుంచే చూసి, "ఏందమ్మా, సారుకు షుగర్ దిగిందా లేదా? నా రొట్టెకు దిగకుంటే ఇగ దేనికీ దిగదు" అని నవ్వించేది. రొట్టె కాలేలోగా ఇద్దరం ఏదో ఒకటి చెప్పుకునేవాళ్ళం. ఆ కాసేపు పలకరింపు కోసమే కాస్త ముందుగా బయలుదేరిన రోజులూ ఉన్నాయి.

తరవాత ఆవిడ కూర్చునే గోడ వెనక మేడ మీద పెద్ద తెర ఒకటి పెట్టారు. నగలు, ఫ్లాట్లు, పట్టుచీరలు, ర్యాంకులు వచ్చిన పిల్లల మొహాలు, ఒకటి పోకముందే ఇంకొకటి. చూడాలని ఎవరూ అనుకోరు, కానీ వెలుగు మారినప్పుడల్లా తల దానంతటదే పైకి లేస్తుంది. తెర చూస్తూనే డబ్బులిచ్చి, తెర చూస్తూనే పొట్లం అందుకుని వచ్చేసేదాన్ని. అదే పొయ్యి, అదే పెనం, తలమీద అలాగే కొంగు. కూర్చున్న మనిషి మారిపోయినా నాకు తెలియలేదు.

ఇలాంటిదాన్ని అవుతానని మా అత్తయ్య, అంటే మా నాన్నగారి అక్కగారు, కలలో కూడా అనుకుని ఉండదు. చిన్నవయసులోనే ఆవిడకు చూపు పోయింది, మా దగ్గరే ఉండేది. నాన్నగారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి మేము నారాయణగూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. నాకు ఉబ్బసం, బడికి పంపలేదు, ఆఫీసుకు వెళ్ళేలోపు నాన్నగారే పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవే. శనివారం శనివారం అత్తయ్య నా భుజం పట్టుకుని చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి నడిచేది, దారి పొడుగునా ఏం కనపడుతోందో నేను చెప్పాలి. అక్షరాలు వచ్చిన కొత్తలో నా గొప్ప చూపించుకోవాలని, గోడల మీద రంగులతో రాసిన సబ్బుల పేర్లూ పళ్ళపొడి పేర్లూ వరసగా చదివాను. కాసేపు ముచ్చటగా విని, "గోడలు రేపూ ఇక్కడే ఉంటాయి తల్లీ, మనుషుల్ని చెప్పు" అంది. అప్పటి నుంచి మనుషుల్నే చెప్పాను. చెప్పులు కుట్టే తాత ఇవాళ లేడంటే అక్కడే ఆగిపోయి, పక్కవాళ్ళను అడిగి ఆయనకు జ్వరమని తెలుసుకుంటే గానీ అడుగు వేసేది కాదు. గుడిలో తన కోసం ఏమీ అడగగా నేను వినలేదు, దారిలో నేను చెప్పినవాళ్ళ కోసమే దణ్ణం పెట్టేది.

ఆ రోజుల్లోనూ ప్రకటనలు లేకపోలేదు. రిక్షాకు మైకు కట్టుకుని రంగు కాగితాలు విసురుకుంటూ వచ్చేవారు, మేమూ వెంటపడి ఏరుకునేవాళ్ళం. కానీ ఆ రిక్షా సందు తిరిగి వెళ్ళిపోయేది, వెళ్ళాక మళ్ళీ అత్తయ్య మాట నాకు వినపడేది.

మర్నాడు సాయంత్రం వెళ్ళి ఆ చెల్లెలి ముందు కూర్చుని, అక్క సంగతి అడిగాను. పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. "నువ్వు షుగర్ సారు అమ్మవు గదా? అక్క చెప్తుండె, గా అమ్మ నాతోని మంచిగ మాట్లాడ్తదని" అంది. నేను తల ఎత్తలేకపోయాను. "కడుపుల నొస్తున్నదని మాకొక్కనాడు చెప్పలె అమ్మా. దవాఖానకు తీస్కపోయేసరికి చెయ్యి దాటింది. ఎవలకన్న చెప్పుకున్నదో, లేదో."

అది విన్నాక నాకు ఒక సాయంత్రం గుర్తొచ్చింది. అప్పటికి తెర కొత్త. ఆవిడ పిండి తట్టడం ఆపి, గొంతు తగ్గించి, నాతో ఏదో చెప్పింది. నేను "ఆఁ, అవునవును" అన్నాను. ఆ పూట తెరమీద ఎర్ర పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురు పల్లకి దిగుతోంది, చీరకు పచ్చ అంచు, చేతులకు ఏనుగు తలల వంకీలు. అంతా పొల్లుపోకుండా ఉంది. ఆవిడ చెప్పినదే లేదు. ఆ నొప్పి మాటేనేమో, కాదేమో. కళ్ళు మూసుకుని ఎన్నిసార్లు వెతికినా పెళ్ళికూతురే వస్తోంది.

అత్తయ్యకు చూపు లేదు, అయినా దారిలో ఏ ఒక్కరు కనపడకపోయినా ఆవిడకు పట్టేది. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి, దేవుడి దయ. కానీ ఫోను తీస్తే ప్రకటన, ఆటో వెనక ప్రకటన, చివరికి గుడి క్యూలో పట్టుకునే కమ్మీల మీద కూడా నగల దుకాణం పేరే. ఇన్నింటి మధ్య మనిషి మెల్లగా చెప్పే మాట నిలిచే చోటు నాలో తగ్గిపోయింది. నా వయసువాళ్ళు మీలోనూ కొందరు ఇదే అనుకుంటూ ఉంటారు.

మీలో ఎవరైనా ఆ మూల మీద రొట్టెలు కొన్నవాళ్ళుంటే, ఆవిడను ఒక్కసారి తలుచుకోండి. పేరు నేనెప్పుడూ అడగలేదు. ఆవిడ మీతో అన్న మాట ఒక్కటైనా గుర్తుంటే దాన్ని పోనివ్వకండి. నాతో అన్నది నా దగ్గర లేదు.