పనిలో చేరిన తేదీ

మా మనవరాలు మొదటి ఉద్యోగంలో చేరిన తేదీకి నా డైరీలో రెండు పేజీలున్నాయి. ఒకటి మే పధ్నాలుగు, రెండోది జూన్ పద్ధెనిమిది. మొదటిది నేను పంచాంగం చూసి పెట్టింది.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. హనుమాన్ జంక్షన్‌లో సైకిల్ షాపు పైన ఒక గదిలో చిన్న కంప్యూటర్ ఆఫీసు ఉండేది. మామిడి యార్డుల్లో తూకాలు ఎక్కించుకునే ప్రోగ్రాములు తయారుచేసేవారు. దాని యజమాని పదో తరగతిలో నా దగ్గర లెక్కలు చదువుకున్నవాడు. మా అమ్మాయి కూతురికి ఉద్యోగం ఇస్తానన్నాడు. కొత్త పనిని మంచిరోజున ముట్టుకోవాలి, ఆ తర్వాత వీలునుబట్టి చేసుకోవచ్చు అన్నది మా ఇంటి పద్ధతి. మే పధ్నాలుగు దాటితే మూఢం.

నూజివీడులో ఏడూ పదికి బస్సెక్కాం. మనవరాలు చిలకాకుపచ్చ చుడీదార్ వేసుకుంది. యజమాని దాని చేతిలో పటికబెల్లం పెట్టాడు. రిజిస్టర్‌లో సంతకం చేసి, కంప్యూటర్ ముందు అరగంట కూర్చుని, నేను చెప్పినట్టు ‘శ్రీ’ అని ఒక్క అక్షరం కొట్టింది. పదకొండూ నలభై బస్సుకు ఇద్దరం ఇంటికి వచ్చేశాం. మా ఆయన కాలు విరిగి మంచం మీద ఉన్నారు. మా మామిడితోటలో పెద్ద రసాలు కోతకొచ్చాయి. ఇక జూన్ పద్ధెనిమిదిన పనిలోకి వెళ్ళేదాకా ముప్పై అయిదు రోజులు అది తోటలోనే ఉంది. కూలీలు గెడలకు కట్టిన వల చిక్కాలతో కాయ దింపుతుంటే కింద నిలబడి ట్రేలు లెక్కపెట్టి నాకు కేకేసేది, నేను రాసుకునేదాన్ని. సొన పడి దాని మోచేతుల మీద నల్లమచ్చలు తేలాయి. మధ్యాహ్నం ముగ్గురం మంచం పక్కనే కూర్చుని అన్నం తినేవాళ్ళం. మచ్చలు చూసి ఆయన, “కంప్యూటర్ ఉద్యోగం బాగానే కుదిరిందే” అని నవ్వేవారు. ఇప్పుడు ఆయన లేరు.

ఈ ఏడు అది నైపుణ్యం మీద ఇచ్చే వీసాతో ఆస్ట్రేలియా వెళ్దామనుకుంది. చదువూ అనుభవమూ సరిపోతాయో లేదో ముందు అక్కడి సంస్థ తేల్చాలి. లెక్కలోకి వచ్చే అనుభవం అయిదేళ్ళు నిండాలి. మొదటి నాలుగేళ్ళూ నేర్చుకున్న కాలమని తీసేస్తారు, ఉద్యోగం మారినప్పుడు ఖాళీగా ఉన్న పన్నెండు రోజులూ లెక్కలోకి రావు. ఫలితం సెప్టెంబరు తొమ్మిదిలోగా చేతికి రావాలి. ఆ రోజుకు దానికి ముప్పై మూడు నిండుతాయి, వీసాకు లెక్కేసే వయసు పాయింట్లు తగ్గుతాయి, అవి తగ్గితే ఇక వీసాకు పిలుపు రాదు.

పాత ఆఫీసు ఎప్పుడో మూసేశారు. ఆ యజమాని ఇప్పుడు విస్సన్నపేట రోడ్డులో మామిడి షెడ్డు నడుపుతున్నాడు. అక్కడ పనిచేసినట్టు ఉత్తరం కోసం మే ఇరవై రెండున వెళ్ళాం. బంగినపల్లి కాయల మధ్య ప్లాస్టిక్ కుర్చీ తుడిచి నన్ను కూర్చోబెట్టి, ముందే రాసి ఉంచిన ఉత్తరం ఇచ్చాడు. ఒద్దికైన అమ్మాయి, మంచి కుటుంబం, పెద్దలంటే గౌరవం అని ఉంది.

“ఇది పెళ్ళిసంబంధానికి పనికొస్తుందయ్యా. చేసిన పనేంటి, వారానికి ఎన్ని గంటలు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, అవి కావాలి” అన్నాను.

“రాసేద్దామండీ.” లోపలికెళ్ళి పాత రిజిస్టర్ దులిపి తెచ్చాడు. “చేరింది మే పధ్నాలుగండీ. ఇదిగో సంతకం.”

మనవరాలు వేళ్ళ మీద లెక్కేసింది. “ఇంకో నాలుగు రోజుల్లో, ఇరవై ఆరుకి అయిదేళ్ళు నిండుతాయి అమ్మమ్మా. ఆ రోజే పంపించేస్తా.”

“పని చేసింది జూన్ పద్ధెనిమిది నుంచి” అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

“రిజిస్టర్లో ఉన్నదే రాస్తున్నానండీ, అబద్ధం కాదు కదా” అన్నాడు.

“సంతకం నిజమే. ఆ నెలంతా ఇది మా తోటలో ట్రేలు లెక్కపెట్టింది. అది కంప్యూటర్ పనా?”

“పదో తరగతిలో బెంచీ ఎక్కించారు. ఇప్పుడు కుర్చీ ఎక్కమంటారాండీ?”

“నువ్వు ఎక్కక్కర్లేదు. తేదీ మార్చు.”

మనవరాలు గొంతు తగ్గించింది. “ముప్పై అయిదు రోజులు అమ్మమ్మా. జూన్ ముప్పై దాకా ఆగాలి. ఫలితం రావడానికి రెండు నెలల పైనే పట్టొచ్చంట. పుట్టినరోజు దాటిపోతే? ఆ తేదీ పెట్టింది నువ్వే కదా?”

పెట్టింది నేనే. అందుకే అది నిజం కాదని చెప్పాల్సిందీ నేనే అనుకున్నాను. అతను జూన్ పద్ధెనిమిది అని రాసి సంతకం చేశాడు. తిరుగు దారిలో అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక డైరీలో ఆ రెండు పేజీలూ తీసి దాని ముందు పెట్టాను. చాలాసేపు చదివింది. “తాతయ్య అన్నది కూడా రాశావా” అంది.

ఆ ముప్పై అయిదు రోజులూ రోజుకొకటి చొప్పున క్యాలెండర్‌లో కొట్టేశాను. రసాలు అయిపోయాయి, ఆఖర్న వచ్చే కలెక్టర్ మామిడి కూడా లారీలెక్కింది. జూన్ ముప్పైన కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, మనవరాలు బటన్ మీద వేలు ఆపింది.

“రాహుకాలం చూడవా?”

పంచాంగం గోడకే ఉంది. నేను లేవలేదు.

“నొక్కవే” అన్నాను.

ఫలితం ఆగస్టు ఇరవై ఒకటిన వచ్చింది. పుట్టినరోజుకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. పని మొదలు జూన్ పద్ధెనిమిది అని వేసి, అయిదేళ్ళూ ఒప్పుకున్నారు. ఆ కాగితాన్ని డైరీలో మే పధ్నాలుగు పేజీలో పెట్టుకున్నాను.