మేస్త్రి తెలుగులోకి మారినప్పుడు

మా ఇండ్లలో ఒక పద్ధతి ఉండేది. మిల్లులో అరవం, ఇంట్లో తెలుగు. అరవంలో ఎంత తిట్టుకున్నా అది పని కిందే జమ. నిజంగా ఒకరి మనసు కదిలించాలంటే మాత్రం వాళ్లింటికి పోయి, తెలుగులో, "నెంజు తొట్టి చెప్పు" అనాలి. గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పమని. ఆ మాటలో సగం అరవమేనని మాకెవరికీ తోచలేదు.

మా మేనత్త కోయంబత్తూరులో నేను పనిచేసే మిల్లులోనే నూలు చుట్టే మిషను దగ్గర ఉండేది. కూతురి కాన్పుకని ఆమె ఊరు వాడిపట్టి పోయి, సెలవు దాటి ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి ఆ మిషను దగ్గర ఇంకొకామె నిలబడి ఉంది. భర్త పోయిన అత్తకు ఆ పనే ఆధారం. ఎవరిని ఉంచాలో తేల్చేది మేస్త్రి. ఆయన మాకు దాయాది. అత్తకు అన్న వరస, నాకు పెదనాయన.

ఆదివారం పొద్దున ఇద్దరం వాళ్లింటికి పోయాం. చదువుకున్నవాణ్ణి కనక మాట్లాడే భారం నాది. నేను తూకం గుమాస్తాను. పత్తి తూచడమే తప్ప మాట తూచడం రాదని అంతవరకు బయటపడలేదు. దారంతా న్యాయం, ధర్మం, మనస్సాక్షి అని వల్లె వేసుకున్నాను. చిక్కేమిటంటే ఆ పెద్ద మాటలన్నీ నేను నేర్చింది అరవ బడిలో. నోరు తెరవగానే అరవమే వచ్చింది, అదీ ఎన్నికల మైకులాగా. అత్త నా మోచెయ్యి గిల్లింది.

మేస్త్రి హాయిగా వెనక్కి వాలారు. నేను అరవంలో అడిగాను కనక ఆయన ఇంట్లోనే మిల్లు తెరుచుకుంది. "రూల్సు ఎల్లారుక్కుం ఒన్నుదాన్, తంబీ" అన్నారు. నియమం అందరికీ ఒకటేనట.

అత్త నన్ను పక్కకు నెట్టి అందుకుంది. "అన్నా, నెంజు తొట్టి చెప్పు. నేను ఊరు సుత్తేకి పోతినా? బిడ్డ కాన్పుకు గదా పోతిని. నా చోటు వేరేదానికి ఇచ్చేస్తివే!"

ఆయన లేచి కూర్చున్నారు. కాఫీ మా ముందుకు జరిపారు. గెలిచామనుకొని నేను కాఫీ గ్లాసు అందుకున్నాను.

"చెల్లా," అన్నారు, ఈసారి తెలుగులో. "నీ చోట ఉండే పిల్లని చూస్తివా? మొగుడు ఇడిసిపెట్టి పోయినాడు. చంకలో ఒకటి, చేత ఒకటి. రేపే పంపేస్తా. పంపమని నువ్వు నెంజు తొట్టి చెప్పు, చాలు."

అత్త చెయ్యి గుండెదాకా పోయి, కొంగు సర్దుకొని దిగిపోయింది.

"నువ్వు శానా కెట్టోడివి, అన్నా," అంది, చెడ్డవాడివని. కాఫీ తాగేసింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఆయన నీకు వేరే మిషను చూపించవచ్చుగదా అన్నాను.

"ఈ తెలివి ఆడ ఏడ పోయినాది?" అంది.

"మళ్లీ పోయి అడుగుదామా?"

"వద్దురా. అడిగేకి పోతే ఆ చంకలో బిడ్డే కనపడతాది."

తరువాత అత్త తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో దారాలు కత్తిరించే పనికి చేరింది. పొద్దున్నే బస్సు, చీకటి పడ్డాక ఇల్లు, తక్కువ కూలి. మేస్త్రి మనస్సాక్షిని పిలవబోతే పలికింది అత్తది. ఆయనకు అదుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త మాత్రం నేను కనిపించినప్పుడల్లా ఒకటే అడిగేది.

"ఆమె ఉండాదా, మిల్లులో?"

"ఉండాది, అత్తా."

"ఉండనీ," అని సంచి భుజాన వేసుకొని బస్సుకు పోయేది.