సౌందరం తడుప్పూసి

అరవనాట తిరుమంగళంలోని నాయుడు వీధిలో సౌందరం నోటికి జడవనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ ఆయమ్మ. పిల్లల ముక్కులు తుడవడం నుంచి తల్లులకు గడ్డి పెట్టడం దాకా అన్నీ ఆవిడ పనులే. తప్పు తనదని ఒప్పుకున్న పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు.

పక్క వీధిలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. టీకా తప్పిపోయినవాళ్ళకు వేయడానికి నర్సమ్మ వస్తోందని తెలిసి సౌందరం ఇంటింటికీ తిరిగింది. "రేపు తడుప్పూసి! పిల్లకాయల్ని పిలుచుకొని రండి" అని చాటింది. అరవంలో ఆ మాటకు అర్థం జబ్బును అడ్డుకునే సూది అని. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు మాత్రం తడుపు అంటే తడుపే. ఆ సూది పడితే లాగులు తడుస్తాయని సాయంత్రానికి వీధంతా గుప్పుమంది.

మర్నాడు అంగన్‌వాడీలో నర్సమ్మ, ఐసు పెట్టె తప్ప ఎవరూ లేరు. సౌందరం ఇంటికి పరుగెత్తింది. సొంత మనవరాలు దర్శినే మంచం కింద దూరింది. కరోనా ఏడాది పుట్టి, తట్టు టీకా రెండుసార్లూ తప్పించుకున్న ఘనురాలు అది.

"బయటికి రావే."

"రాను అవ్వా. క్లాసులో అందరూ నవ్వుతారు. తడుపుతాదని నువ్వే గదా చెప్పింది!"

సౌందరం నడుము తిట్టుకుంటూ నేలమీద బోర్లా పడుకుంది.

"అరవం మాటను అట్లే విసిరేస్తిని. తప్పు నాదే, పో. విను. నీ ఒంట్లో కావలోళ్ళు ఉండారు. తట్టు కిరుమి మొగం వాళ్ళకు తెలీదు. తెలుసుకొనేలోపల అది ఇల్లు దోచేస్తాది. సూదిలో ఉండేదీ ఆ కిరుమే, కానీ ఒంట్లో సత్తువ లేనిది. కావలోళ్ళు దాన్ని ఉతికి ఆరేసి, మొగం గుర్తు పెట్టుకుంటారు. రేపు అసలు దొంగ వస్తే వాకిట్లోనే పట్టి తంతారు."

"జొరం వస్తాదా?"

"వస్తే రెండు రోజులు. కావలోళ్ళు కసరత్తు చేస్తే వేడి పుట్టదా?"

"నీకు వేసినారా?"

"మా కాలంలో ఈ సూది లేదే. నాకూ నా చెల్లెలికీ ఒకే వారం తట్టు పోసింది. నేను లేచినాను. అది లేవలేదు."

ఈ మాట సౌందరం ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.

"ఆ పాపకు ఎన్నేళ్ళు అవ్వా?"

"నీ వయసే."

మంచం కింది నుంచి ఒక చిన్న చెయ్యి బయటికి వచ్చింది.

"పట్టుకో. సూది వేసేదాకా విడవకూడదు."

సౌందరం రెండు చేతులతో పట్టుకుంది.