ఊడా, ఐడా దిద్దిన శుక్రవారాలు

దోహాలో, అల్ సద్‌లోని మా ఫ్లాటుకి ఎదురుగా ఒక సిక్కు కుటుంబం ఉండేది. ఆయన పంజాబ్ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆవిడ మాత్రం హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సిక్కుల అమ్మాయి. "ఏమక్కా, తిన్నవా?" అని పలకరించిన మొదటి రోజే నాకు చెల్లెలైపోయింది. తొంభైల్లో, ఆ బిల్డింగులో మరో తెలుగు గొంతు వినబడటం నాకెంత ఊరటో చెప్పలేను.

శుక్రవారం సెలవు. ఆ పొద్దున దగ్గర్లోని ఒక విల్లా హాల్లో సిక్కు పిల్లలకి బడి జరిగేది. పంజాబీ అక్షరాలు, గురువుల కథలు, ప్రార్థనలు నేర్పేవారు. తన ఐదేళ్ల కూతుర్ని అందులో చేర్చిన వారానికి ఆవిడ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, నాకు గూడ ఆ అక్షరాలు రావు. ఇంట్ల మాట్లాడుడే గానీ, బడిల చదివింది తెలుగు, ఇంగ్లిషే. పిల్లల నడుమ ఒక్కదాన్నే కూసుంటే సిగ్గయితది. నువ్వు గూడ రారాదు?"

వెళ్ళాను. ఆమె చున్నీ, నేను పమిట తలమీద కప్పుకుని వెనక వరసలో కూర్చున్నాం. పంతులమ్మ "ఊడా, ఐడా, ఈడీ" అని మొదటి అక్షరాలు చెబుతుంటే పిల్లలతో పాటు అరిచాం. రెండు నెలలకే నేను చేతులెత్తేశాను. ఆమె మాత్రం కూర మాడిపోతున్నా కూతురి పలక వదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం ఉత్తరం పట్టుకుని వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అత్తగారి ఉత్తరాలు ఎప్పుడూ భర్తే చదివి వినిపించేవాడు. ఈసారి ఆయన చదివి బల్లమీద పెట్టిన ఉత్తరాన్ని తనే కూడబలుక్కుని మళ్ళీ చదివిందట.

"ఆయన ఒక మాట వదిలేసిండక్కా. 'డిగ్రీ చదివిన కోడలు నాకు ఒక్క ముక్క గూడ రాయదేంది, నామీద కోపమా?' అని ఉంది. పాత ఉత్తరాలు తీసి చూసిన. అన్నిట్ల అదే."

"మరి ఆయన్ని అడిగావా?"

"అడిగిన. నీకు రాయరాదని అమ్మకు చెప్తే నీకు చిన్నతనమయితది, నాకేం తోచలే అన్నడు."

ఆ పూటే మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ముందు పలకమీద, తర్వాత కాగితం మీద రాసింది. నాలుగు వాక్యాలకి సాయంత్రమైంది. ఏం రాసిందో నాకు తెలుగులో చెప్పింది: "అమ్మా, నాకు కోపం లేదు. రాయడం రాకుండె. పిల్లతోటి ఇప్పుడే నేర్చుకుంటున్న. తప్పులుంటే దిద్దు."

నెల తర్వాత జవాబొచ్చింది. ఎప్పుడూ చీమల బారులా కిక్కిరిసి రాసే ఆ అత్తగారు, ఈసారి ఒక్కో అక్షరం పెద్దగా, మాటకీ మాటకీ వేలెడు ఎడంతో రాసింది. కోడలు తప్పు రాసిన ఒకే ఒక్క మాటని అడుగున మూడుసార్లు సరిగ్గా రాసి చూపించింది.

ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఆ మాట దిద్దటానికి కూతుర్ని పలక అడిగింది.